బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం

సెప్టెంబరు 2, మంగళవారం

భాద్రపద మాసం. పెళ్ళిళ్ళు లేవు. మలికిపురం సెంటర్లో స్టూడియో తెరిచి కూర్చుంటే పాస్‌పోర్టు ఫోటోల కోసం ఒకరిద్దరు తప్ప మనిషి రావడం లేదు. నేనూ నాగబాబూ ఎదురెదురుగా కూర్చుని ఆవలింతలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం. బావమరిది అంటే పండక్కి వచ్చి భోంచేసి వెళ్ళేవాడు కావాలి గానీ పాతికేళ్ళు పక్కనే కూర్చునేవాడు కాకూడదు. ఉమతో ఈ మాట అంటే "మా తమ్ముడు లేకపోతే మీకు లైటెవరు పడతారు, ఆల్బం ఎవరు చేస్తారు" అంది. అదీ నిజమే.

ఖాళీగా ఉన్నాం కదా అని హార్డ్‌డిస్కు సర్దడానికి కూర్చున్నాను. లోపలంతా చెత్త. 'కొత్త ఫోల్డరు', 'కొత్త ఫోల్డరు రెండు', 'అసలు కొత్తది', 'ఇదే ఫైనల్'. ఒక్కో ఫోటో మౌస్‌తో పట్టుకుని లాగి ఇంకో ఫోల్డర్లో వెయ్యాలి. ఈ మౌస్ పాడైంది. రెండుసార్లు నొక్కితే మూడుసార్లు నొక్కినట్టు తీసుకుంటోంది, పట్టుకున్న ఫోటోని దారిలో ఎక్కడో జారవిడుస్తోంది. కొత్తది తెప్పించాను. అదీ అంతే. ఇప్పుడొచ్చే సరుకంతా ఇలాగే ఏడుస్తోంది.

సెప్టెంబరు 7, ఆదివారం

నాగబాబు కూతురు కావ్య వచ్చింది. అమలాపురంలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నేను మౌస్‌ని తిడుతుంటే విని, "మావయ్యగారూ, మౌస్ ఎందుకండీ, నాలుగు లైన్లు రాసేరంటే అదే సర్దుకుంటుంది" అంది.

"ఏ భాషలో రాయాలే?"

"పైథాన్ అండీ."

"కొండచిలువా? మన స్టూడియోలో కొబ్బరి ఎలకలు చాలు తల్లీ."

నవ్వింది గానీ వదల్లేదు. 'ఫర్' అనే మాట నేర్పింది. ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నిటి దగ్గరికీ ఒక్కొక్కటిగా వెళ్ళమని చెప్పడం. ఇది నాకు వెంటనే ఎక్కింది. పెళ్ళిలో బంతి వడ్డన ఇదే కదా. బంతిలో ఎన్ని విస్తళ్ళున్నాయో వడ్డించేవాడు లెక్కపెట్టుకోడు. మొదటి విస్తరి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో విస్తరి ముందు ఆగి, వెయ్యాల్సింది వేసి, బంతి అయిపోయిన చోట ఆగిపోతాడు. ఉపవాసం వాళ్ళకి పప్పు వెయ్యకు అని చెప్పుకోవచ్చు కూడా. దాన్ని 'ఇఫ్' అంటారట.

ఒక్క వేలితో టైపు చేస్తున్నాను. తప్పు మీట నొక్కితే చెరిపేసి మళ్ళీ నొక్కుతాను. అది విసుక్కోదు, నవ్వదు. ఇంత ఓపికైన జీవిని ఈ మధ్య నేను చూడలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

స్క్రిప్టు రాశాను, అంటే కంప్యూటర్ చెయ్యాల్సిన పనుల చిట్టా. డిస్కులో ఉన్న ఫోటోల పేర్లన్నీ చూపించమన్నాను. ఇరవై ఏళ్ళ సరుకుంది, కనీసం పావుగంట పడుతుందనుకుని కాఫీ తెప్పించుకున్నాను. చిటికెలో అయిపోయింది. నాలుగు పేర్లు చూపించి ఆగిపోయింది.

కావ్యకి ఫోన్ చేస్తే, "పై ఫోల్డరొక్కటే చూసిందండీ. లోపలి ఫోల్డర్లలోకి వెళ్ళమని మీరు చెప్పలేదు కదండీ" అంది. అంటే మన ఇంటి గుమ్మంలో నిలబడి, బాగున్నారా అని అడిగి, లోపల గదుల్లో ఎవరున్నారో చూడకుండా వెళ్ళిపోయిందన్నమాట. లోపలికి వెళ్ళడానికి ఇంకో మాట ఉంది, 'వాక్'. నడక. ఒక ఫోల్డర్లోకి వెళ్తుంది, అందులో ఇంకో ఫోల్డరుంటే దాన్లోకి, దాని కడుపులో ఉన్నదాన్లోకి. అడుగుకి వెళ్ళి, ఇంకేమీ లేదని తేల్చుకుని, మళ్ళీ పైకొచ్చి పక్క గదిలోకి వెళ్తుంది.

పొద్దున్నించీ దాన్ని నడిపిస్తూనే ఉన్నాను. అవసరం లేకపోయినా. పేర్లు తెరమీద పరిగెడుతుంటే ఎంతెంత పాత పెళ్ళిళ్ళో కనిపించాయి. నాగబాబు వచ్చి "సినిమా చూస్తన్నారేటండీ బావగారూ" అన్నాడు.

ఉమ ఈ మధ్య కాఫీ సగం గ్లాసే పోస్తోంది. పొదుపు కాబోలు.

సెప్టెంబరు 12, శుక్రవారం

అయిపోయింది. ఈ ఏడాది ఫంక్షన్లన్నీ సర్దేశాను. ప్రతి ఫోటోలోనూ తీసిన తేదీ, గంట దాగి ఉంటాయట. ఆ తేదీ చూసుకుని ఎవరి ఫోల్డర్లోకి వాళ్ళ ఫోటోలు తరలించమని చెప్పాను. ఆగస్టు పదమూడు అయితే వీరదుర్గ పెళ్ళి. పద్నాలుగు అయితే త్రిమూర్తులు గారి గృహప్రవేశం. ఇలా ఒక్కో తేదీకి ఒక్కో పేరు.

కావ్య ఒక జాగ్రత్త చెప్పింది. ముందు ఏది ఎక్కడికి పోతుందో పేర్లు మాత్రం చూపించమనాలి, చూసుకున్నాక కదపమనాలి అని. చిన్నపిల్లల మాట. నేను నేరుగా కదపమన్నాను. పాత ఫోల్డర్లన్నీ తుడిచిపెట్టినట్టు ఖాళీ అయిపోయాయి. నాగబాబు నోరు తెరిచి చూశాడు. మౌస్ ముట్టుకోలేదు నేను.

సెప్టెంబరు 15, సోమవారం

పల్లిపాలెం నుంచి ఫోన్.

"సోమేశ్వరరావు గారండీ, నేనండీ, సీతారత్నాన్ని. వీరదుర్గ వాళ్ళమ్మనండీ."

"చెప్పమ్మా."

"తాళి కట్టిన ఫోటో ఎప్పుడిత్తారని మా ఆయన అడుగుతున్నారండీ. వీడియో చూసేరండీ. అందులో తాళి కట్టేటప్పుడు మీ చొక్కా ఒక్కటే కనపడతందండీ. చుట్టాల ఫోన్లలోనూ అంతేనండీ, అందరూ మీ వెనకే ఉన్నారు కదండీ."

ఉంటారు మరి. ముహూర్తం దగ్గర ఫోన్లు పట్టుకుని మీద పడుతుంటే వెనక్కి జరగండి, ఫోన్లు దించండి అని అరిచేది నేనే. ప్రతి పెళ్ళిలోనూ అరుస్తాను. ఒకడు సరిగ్గా తీస్తే చాలు కదా.

పెళ్ళికూతురి తండ్రి పోలిరాజు గారికి ఆ పెళ్ళి చూసే రాత లేకపోయింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు రొయ్యల చెరువు గట్టు మీద జారి తుంటి విరిగి అమలాపురం ఆసుపత్రిలో పడ్డాడు. పెళ్ళి ఆపొద్దని తనే అన్నాడు. కన్యాదానం తమ్ముడి చేత చేయించాడు. ఫోన్లో చూపిద్దామంటే ఆ ఏటి ఒడ్డున సిగ్నల్ లేదు. ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద ఉండి ఆ ఒక్క ఫోటో అడుగుతున్నాడు.

"కంప్యూటర్లో ఉన్నాయమ్మా, సర్దుతున్నాం" అన్నాను.

ఫోల్డరు తెరిచాను. పెళ్ళికొడుకు ఊరేగింపు ఉంది. గౌరీపూజ ఉంది. బావగార్ల ఎడ్డెం తెడ్డెం వేషాలు అన్నీ ఉన్నాయి. అక్కడితో ఆగిపోయింది. జీలకర్రా బెల్లం లేదు, తాళి లేదు, తలంబ్రాలు లేవు.

సెప్టెంబరు 16, మంగళవారం

లేవు. ఆగస్టు పదమూడున తీసినవన్నీ మళ్ళీ ఏరమన్నాను. అవే వచ్చాయి.

సెప్టెంబరు 18, గురువారం

పెళ్ళి బుధవారం కదా అని బుధవారం తీసినవన్నీ ఏరమన్నాను. డిస్కు మొత్తం నడిచింది. పాత బుధవారాల పెళ్ళిళ్ళన్నీ వచ్చాయి, ఈ తాళి తప్ప. పేర్లను బట్టి ఏరమన్నాను. సైజుని బట్టి ఏరమన్నాను. పల్లిపాలెం ఫోన్ మోగితే నాగబాబు చేత బయటికెళ్ళానని చెప్పించాను. ఇదంతా కంప్యూటర్ చేసిన పని. మనిషి చేతిలో ఉన్నంతకాలం ఏదీ పోలేదు.

సెప్టెంబరు 20, శనివారం

దొరికాయి. ఎలా దొరికాయో రాసుకోవాలి. ఇంత తమాషా నేనెప్పుడూ చూడలేదు.

కావ్యకి ఫోన్ చేసి గొడవంతా చెప్పాను. "ముహూర్తం ఎన్నింటికండీ మావయ్యగారూ?" అంది.

"రెండూ పదిహేడు."

"ఏ రోజండీ?"

"బుధవారం."

"బుధవారం మధ్యాహ్నమా అండీ?"

"మధ్యాహ్నమేంటే, రాత్రి. అర్ధరాత్రి దాటాక."

"అయితే అది గురువారం కదండీ" అంది. నాకు కాస్త కోపం వచ్చింది. నాగబాబుని పిలిచి పెళ్ళి ఏ రోజురా అని అడిగాను. బుధవారం అన్నాడు. ఇంటికి ఫోన్ చేసి ఉమని అడిగితే అదీ బుధవారమే అంది. "రెండూ పదిహేడంటే గురువారం కదా?" అంటే, "తెల్లారందే గురువారం ఎలా అవుద్దండీ, మీకేమైనా మతిపోయిందా" అంది. శుభలేఖల మీద వేసేది కూడా అదే కదా. బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం.

మనకి రోజు మారేది సూర్యుడు వస్తే. దానికి మారేది పన్నెండు కొడితే. పన్నెండు దాటాక తీసిన ప్రతి ఫోటో దాని లెక్కలో పద్నాలుగో తేదీది. పద్నాలుగో తేదీ ఎవరిదని చెప్పాను నేను? త్రిమూర్తులు గారి గృహప్రవేశం. ఆ ఫోల్డరు తెరిస్తే ఏముంది, పాలు పొంగిస్తున్న త్రిమూర్తులు గారి భార్యకి ముందు వరసలో మధుపర్కాలు కట్టుకున్న వీరదుర్గవి బోలెడన్ని చిన్న చిన్న బొమ్మలు. పగలబడి నవ్వాను. నాగబాబు కూడా నవ్వాడు, కాసేపే.

కొత్త లైను రాశాను. ప్రతి ఫోటో గంటలోంచి ఆరు గంటలు వెనక్కి లెక్కపెట్టి, అప్పుడు రోజు చూడమని. అంటే కంప్యూటర్‌కి కూడా సూర్యోదయం నేర్పినట్టే. ఈసారి ముందు పేర్లు చూపించమన్నాను. చూసుకున్నాక కదిపాను. పెళ్ళంతా ఒక్క చోటికి వచ్చింది.

ఫోటోలు రేపు తీరిగ్గా పెద్దవి చేసి చూస్తాను.

సెప్టెంబరు 21, ఆదివారం

మహాలయ అమావాస్య. చూడలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

బ్యాంకుకి వెళ్ళాల్సి వచ్చింది. సంతకం కలవలేదని మూడుసార్లు పెట్టించారు. వాళ్ళకేం పని లేదు. ఫోటోలు రేపు.

సెప్టెంబరు 23, మంగళవారం

చూశాను.

సెప్టెంబరు 25, గురువారం

లెన్సు. లెన్సు పాడైంది. చూపు నిలవడం లేదు దానికి. తాళి దగ్గర తీసినవన్నీ చెదిరిపోయాయి. పెళ్ళికూతురికి రెండు ముక్కులు, తాళి ఉండాల్సిన చోట పసుపు గీత. ఇరవై పైన తీశాను, ఒక్కటీ పనికి రాదు. నాగబాబుకి చూపిస్తే "ఆయ్" అని ఊరుకున్నాడు. లెన్సు మరమ్మతుకి పంపాలి.

అక్టోబరు 3, శుక్రవారం

నిన్న దసరా. నాగబాబు కెమెరాలకి, లైట్లకి, కంప్యూటర్‌కి కూడా బొట్లు పెట్టాడు. మౌస్‌కి పెద్ద బొట్టు పెట్టాడు. దెప్పుడు.

ఇవాళ లెన్సు సంగతి తేల్చాలని కూర్చున్నాను. స్క్రిప్టుకి కొత్త పని చెప్పాను. ఏటేటి ఫోల్డర్లలోకీ వెళ్ళి, ఒక్కో పెళ్ళిలో ముహూర్తం అయిన అరగంటలో నా కెమెరా తీసినవి మాత్రం ఏరి, పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా ఒక ఫోల్డర్లో పెట్టమని. ఏరింది. ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. ఎంత బాగా తీశాను నేను. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఆ పాత పెళ్ళిళ్ళలో పసుపుతాడు పోగులు లెక్కపెట్టొచ్చు. పెళ్ళికొడుకు వేళ్ళ మీద చెమట కనిపిస్తుంది.

మూడేళ్ళ కిందటి దాకా అలాగే ఉన్నాయి. తర్వాత ఒకటీ అరా చెదిరాయి. తర్వాత సగం. నిరుడు కార్తీకంలో మూడొంతులు. అంటే లెన్సు మూడేళ్ళ నుంచీ కొద్దికొద్దిగా పాడవుతూ వస్తోందన్నమాట.

లెన్సు కొన్నది నిరుడు ఉగాదికి.

అక్టోబరు 4, శనివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 7, మంగళవారం

ఒక్క సంగతి మాత్రం బుర్రని తొలుస్తోంది. తీసినవి అలా ఉంటే ఆల్బంలు అంత బాగా ఎలా వచ్చాయి? నిరుటి పెళ్ళివాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. పైగా మెచ్చుకున్నారు.

నా కెమెరావి ఒక ఫోల్డరు, లైటు పడుతూనే రెండో కెమెరాతో నాగబాబు తీసేవి ఒక ఫోల్డరు. ఆల్బంలో పెట్టిన తాళి ఫోటోల పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, ఆ పేరున్నది ఏ ఫోల్డర్లో ఉందో చూడమన్నాను. చిన్న స్క్రిప్టే. రాయడానికి పొద్దంతా పట్టింది, చూడటానికి క్షణం.

అన్నీ నాగబాబువి. నిరుడు వేసవి నుంచి నా తాళి ఫోటో ఒక్కటి కూడా ఆల్బంలోకి ఎక్కలేదు.

టీ తాగుతూ అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"ఏటండీ బావగారూ?"

"నీ ఫోటోలు పెడుతున్నావు. నావి తీసేసి."

"ఆల్బం మన స్టూడియోదే కదండీ." టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"నాకు చెప్పాలి కదా."

"రెండుసార్లు చెప్పబోయేనండి. ఓసారి లెన్సన్నారు. ఇంకోసారి నేను లైటు తిన్నగా పట్టలేదని పెళ్ళివారి ముందు తిట్టేరు. ఇంకేం చెప్తానండీ."

మరి వీరదుర్గ పెళ్ళికి నువ్వెందుకు తియ్యలేదని అడగబోయి ఆగాను. ఆ రోజు బండెక్కేటప్పుడు, రెండో కెమెరా ఎందుకురా, ఇద్దరం ఒకటే తీస్తున్నాం, నువ్వు లైటు పట్టుకో చాలు అని నేనే అన్నాను.

అక్టోబరు 8, బుధవారం

నాగబాబుతో మాట్లాడలేదు. వాడు ఏం తప్పు చేశాడో నాకు తెలీదు గానీ మాట్లాడలేదు.

అక్టోబరు 12, ఆదివారం

ఈసారి పోలిరాజు గారే ఫోన్ చేశాడు. గొంతు హుషారుగానే ఉంది.

"కర్ర పట్టుకుని పెరటి దాకా నడుస్తున్నానండీ. దీపావళికి అమ్మాయీ అల్లుడూ వస్తన్నారండీ, మొదటి పండగ కదండీ. ఈలోగా ఆ ఒక్క బొమ్మ ఇప్పిస్తే గోడకి పెట్టిద్దామనండీ."

"చూస్తున్నానండీ."

"ఆ రాత్రి ఆసుపత్రిలో నిద్రపోలేదండీ నేను. గోడ గడియారం చూస్తా కూకున్నాను. రెండూ పదిహేడు అవగానే మంచం మీంచే అక్షింతలు వేసినట్టు చేసేనండీ. నర్సమ్మగారు ఏటది పోలిరాజుగారూ అన్నారండీ. మా అమ్మాయికి పెళ్ళయిపోయిందమ్మా అన్నాను." నవ్వాడు. "ఎట్టుంటదో చూడాలి కదండీ, ఒక్కసారి."

పండగలోపు తెస్తానని మాట ఇచ్చేశాను. ఏం తెస్తాను. నా దగ్గరున్నది పసుపు గీత.

అక్టోబరు 13, సోమవారం

కావ్యని అడిగాను, చెదిరిన ఫోటోని స్క్రిప్టు బాగుచేస్తుందా అని. చేసినా కల్పించినట్టు అవుద్దండీ, ఉన్నది అవదు అంది. పెళ్ళికూతురికి లేని ముక్కు నేను పెట్టలేను.

"వీడియో ఉంది కదండీ మావయ్యగారూ?"

"అందులో నా చొక్కానే ఉంది."

"అంతసేపూ కదలకుండా నిలబడ్డారా అండీ? వీడియో అంటే సెకనుకి పాతిక ఫోటోలండీ. విడదీసి ఒక్కొక్కటీ చూడండి."

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఆలోచించలేదంతే. రాజోలు శివశంకర్ తీసిన వీడియో తెచ్చి, ముహూర్తం ముక్కని బొమ్మలుగా విడదీసి ఒక ఫోల్డర్లో పోయించాను. మీట నొక్కితే ఒకటి, మళ్ళీ నొక్కితే తర్వాతది వచ్చేలా రాసుకున్నాను. నొక్కుతుంటే ఏదో తేడాగా ఉంది. నా వీపు ఎడమకి పోయి, గభాల్న కుడికి వచ్చి, మళ్ళీ ఎడమకి. పురోహితుడు చెయ్యి ఎత్తకముందే దించుతున్నాడు. చూస్తే ఒకటి తర్వాత పది, పది తర్వాత పదకొండు, రెండు ఎక్కడో వెనక. అది అంకెలని అంకెలుగా కాకుండా పేర్లుగా వరస పెడుతుందట. ముందు సున్నాలు చేర్చితే దారికి వచ్చింది. కష్టంలో ఉన్నా ఇలాంటివి చూస్తే నాకు సరదాగానే ఉంటుంది. ఏం మనిషినో.

నా వీపు. నా వీపు. నా వీపు.

అక్టోబరు 14, మంగళవారం

నా వీపు. నా వీపు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ముడి వేస్తుండగా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. లైటు స్టాండు పట్టుకున్నది ఒక చెయ్యి, రెండోది నా మోచేతి కింద. నాగబాబు చెయ్యి. నా చెయ్యి కదలకుండా ఆపుతున్నాడు. తర్వాతి బొమ్మలో నేను మెడ తిప్పాను. దాని తర్వాత ఒళ్ళంతా తిరిగి వాడి చెయ్యి విదిలించాను. నోరు తెరిచి ఏదో అంటున్నాను. ఏమన్నానో నాకు గుర్తు లేదు. వాడికి గుర్తుండే ఉంటుంది.

నేను అలా తిరిగినప్పుడు నాకూ లైటుకీ మధ్య సందు వచ్చింది. మూడు బొమ్మల్లో మాత్రం. ఆ సందులో వీరదుర్గ తల వంచుకుని ఉంది, పెళ్ళికొడుకు రవితేజ రెండు చేతులూ ఆమె మెడ వెనక ఉన్నాయి, తాడు వేళ్ళ మధ్య బిగిసి ఉంది. స్పష్టంగా ఉంది. మళ్ళీ నా వీపు.

ఇంటికి వచ్చాను. ఉమ సగం గ్లాసు కాఫీ ఇచ్చింది. ఒలకలేదు. ఎన్నాళ్ళ నుంచి అలా పోస్తున్నావని అడగలేదు.

అక్టోబరు 15, బుధవారం

నాగబాబుకి ఆ మూడూ చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఆ రోజు నిన్నేమన్నాను?"

"వదిలెయ్యండి బావగారూ."

"ఏమన్నానురా?"

"చెయ్యి తియ్యరా వెధవా, పని నాకు తెలుసు అన్నారండి. అందరి ముందూ." తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇదే పెద్దది వేద్దామండీ. మిమ్మల్ని కత్తిరించేస్తే సరిపోద్ది."

కత్తిరించి చూశాం. నన్ను తీసేస్తే నా భుజం పక్కనున్న వీరదుర్గ మోచెయ్యి పోతోంది. నన్ను తియ్యకుండా అలాగే వేయించమన్నాను.

అక్టోబరు 19, ఆదివారం

పల్లిపాలెం వెళ్ళొచ్చాం. బండి నాగబాబు తోలాడు.

చెరువుల మీద గాలిచక్రాలు తిరుగుతున్నాయి. పోలిరాజు గారు వసారాలో మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. వీరదుర్గ, రవితేజ అప్పటికే వచ్చి ఉన్నారు. సీతారత్నం గారు మంచినీళ్ళు ఇచ్చింది. ఫోటో విప్పి ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు తెప్పించుకుని పెట్టుకున్నాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

"ముడి వేస్తన్నాడు" అన్నాడు. వేలితో తాడుని నిమిరాడు, ఇంకా అద్దం వెయ్యలేదు, ముట్టుకుంటే మరక పడుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. "తల వంచితే అచ్చం మా అమ్మలా ఉందండీ ఇది. నేనెప్పుడూ చూసుకోలేదు." కళ్ళజోడు కిందనుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

తర్వాత అడిగాడు. "ఈ పక్కన కోపంగా ఉన్నాయనెవరండీ?"

"నేనేనండి."

"ఎవరి మీదండీ అంత కోపం?"

నాగబాబు చెరువుల వైపు తిరిగాడు. ఏదో ఒకటి చెప్పేసి లేవొచ్చు. లెన్సు అనొచ్చు, కంప్యూటర్ అనొచ్చు, రెండూ ఇన్నాళ్ళూ బాగానే పనికొచ్చాయి. నాకు సిగ్గేసింది.

"నా చెయ్యి వణుకుతోందండీ" అన్నాను. "ఆ రాత్రి కూడా వణికింది. ఇతను పట్టుకుంటే విదిలించేశాను. నేను తీసిన ఫోటోలన్నీ పాడైపోయాయి. అందరినీ వెనక్కి నెట్టేసి నేనే అడ్డం నిలబడ్డాను. ఇది వీడియోలోంచి తీసింది. ఇదొక్కటే ఉంది."

సీతారత్నం గారు గ్లాసు అందుకోబోయి ఆగింది. "అంటే ఇంక లేవాండీ?"

"లేవమ్మా."

"రెండు నెలలు తిప్పేరు కదండీ. రేపు మాపు అని. ఉన్నాయన్నారు కదండీ కంప్యూటర్లో." గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేం వచ్చేసేదాకా బయటికి రాలేదు. నేను ఆమెని తప్పు పట్టను.

వీరదుర్గ మాత్రం తండ్రి పక్కన చేరి ఫోటో చూస్తోంది. "ఈయన చేతులు కూడా వణికేయండి అప్పుడు" అంది మొగుణ్ణి చూపించి. రవితేజ తల దించుకున్నాడు. పోలిరాజు గారు నవ్వాడు.

"మీరటు తిరగబట్టే కదండీ ఇది పడింది" అన్నాడు నాతో. "గోడకి ఇదే పెడతానండీ. మీరూ ఉండండి అందులో." ఆగి, "చెయ్యి ఎవరికైనా చూపించుకున్నారాండీ?"

"లేదండీ."

"నేనున్న ఆసుపత్రిలోనే నరాల డాక్టరుగారున్నారండీ. మంచాయన. పండగెల్లాక ఎల్లండి."

తిరిగి వస్తుంటే దారిలో నాగబాబుతో చెప్పాను. కార్తీకంలో పెళ్ళికి తాళి ఫోటో నువ్వు తియ్యరా అని. గాలికి వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను.

"ఆయ్, వినపడిందండీ" అన్నాడు.

అక్టోబరు 29, బుధవారం

తుపాను. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఉమ పక్కన కూర్చుని డాక్టరు రాసిన మాత్రల పేర్లు చదివి వినిపించాను. తగ్గొచ్చు, ఇంతకంటే పెరగకుండా ఆగొచ్చు అన్నాడట డాక్టరు. అన్నాడట ఏంటి, నాతోనే అన్నాడు.

నవంబరు 13, గురువారం

పెళ్ళి. పట్టపగలు ముహూర్తం, తేదీ విషయంలో మాకూ కంప్యూటర్‌కీ తగవు లేదు. రెండు కెమెరాలూ నాగబాబుకే ఇచ్చాను. ముహూర్తం దగ్గర పడుతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. లైటు పడదామంటే అప్పటికే శివశంకర్ మనిషి పట్టుకున్నాడు. జనంలోకి వెళ్ళి నిలబడ్డాను. పెళ్ళికూతురి పెద్దమ్మ పళ్ళెం పట్టుకుని వరసగా అందరికీ అక్షింతలు పంచుతూ వచ్చి నా ముందు ఆగి, తీసుకోండి అంది.

ముప్పై ఏళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళానో. ఒక్క జంట మీద కూడా అక్షింతలు వెయ్యలేదు. చేతులు ఎప్పుడూ ఖాళీగా లేవు. ఎలా వెయ్యాలో పక్కవాళ్ళని చూసి వేశాను. చెయ్యి వణికింది. అక్షింతలు వాళ్ళ తలల మీదే పడ్డాయి.